బాసింపట్టు

దబ్బనం మొన పరుపు అడుగు నుంచి పైకి తేలగానే సైదాబీ దాన్ని రెండు వేళ్ళతో ఒడిసి పట్టుకుని, మైనం రాసిన దారాన్ని భుజం దాకా లాగింది. లోపల దూది బిగుసుకుని చారల గుడ్డ మీద చిన్న గుంట పడింది. ముడి వేసి, మిగిలిన దారాన్ని పళ్ళతో కొరికి తెంచింది. ఆమె ముందు పన్నులో దారమంత సన్నని గాడి ఒకటి చాలా ఏళ్ళ నుంచీ ఉంది. దారం సూటిగా ఆ గాడిలోకే పోయి తెగుతుంది. జానెడు పక్కకు జరిగి మళ్ళీ దబ్బనం దించింది.

విడవలూరులో ఎండ ముదిరేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది. గాలి లేచిందంటే దూది నిలవదు. అందుకని మొగుడు షావలి తెల్లవారక ముందు నుంచే లోపలి గదిలో తలుపులు బిగించుకుని దూది ఏకుతున్నాడు. విల్లు తాడు మీద కొయ్యగుండు పడిన ప్రతిసారీ ఇల్లంతా సన్నగా మోగుతున్నది. తలుపు సందుల్లోంచి దూది పీచు వసారాలోకి వచ్చి సైదాబీ కనుబొమల మీద, ముక్కుపుడక మీద, జాకెట్టు చేతుల మీద వాలుతున్నది. ఆమె దులుపుకోవడం ఎప్పుడో మానేసింది. కొంగు మాత్రం ముక్కుకు అడ్డంగా కట్టుకుంది.

ఆ పరుపు బడిపంతులు జీవానందంగారి కూతురి పెళ్ళికి. మధ్యాహ్నంలోగా అయిపోవాలి. సాయంత్రం బస్సుకు షావలి గూడూరు వైపు పోతున్నాడు. కోతలు అయిన ఊళ్ళలో ఇప్పుడే పరుపులూ దిండ్లూ విప్పించి మళ్ళీ ఏకించుకుంటారు.

సైదాబీ బాసింపట్టు వేసుకుని, పరుపు అంచు ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. చూసేవాళ్ళకు అందులో వింతేమీ లేదు. పరుపులు కుట్టే మనిషి నేల మీద కూర్చోక ఇంకెక్కడ కూర్చుంటుంది? కానీ మూడేళ్ళ పాటు ఆమె అట్లా కూర్చోలేకపోయింది. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియలేదు.

చైనాతో యుద్ధం జరిగిన ఏడాది ఆమెకు ముట్లు ఆగిపోయాయి. అప్పటికి ఒక్కగానొక్క కూతురు జమాల్‌బీకి పెళ్ళయి, గూడూరులో కాపురం పెట్టి, ఒక మగబిడ్డను కూడా కన్నది. నెలనెలా గుడ్డలు ఉతికి చాటున ఆరేసుకునే బాధ తప్పిందని సైదాబీ సంతోషపడింది. ఆ సంతోషం ఎక్కువ కాలం లేదు. ముందు ఒంట్లోంచి ఆవిర్లు లేచేవి. కుడుతూ కుడుతూ ఉండగా మెడ నుంచి చెవుల దాకా పొయ్యి ముందు కూర్చున్నట్టు కాలి, చెమటలు పోసి, చల్లబడేది. అది ఓర్చుకోగలిగింది. ఏడాది తిరిగే సరికి ఆవిర్లు తగ్గి ఇంకోటి మొదలైంది.

లోపల ఎండిపోయినట్టు ఉండేది. దురద. గోకితే మంట. ఒంటేలుకు పోతే కారం పోసినట్టు ఉండేది. పోయి వచ్చి కూర్చుంటే మళ్ళీ వస్తున్నట్టు ఉండేది. లేచి పెరట్లోకి పోయే లోపలే నాలుగు చుక్కలు చీర తడిపేవి. ఆ నాలుగు చుక్కలకు నమాజుకు ముందు చేసుకునే ఉజూ నిలవదు. నీళ్ళు పోసుకుని, చేతులూ మొహమూ కడుక్కుని, చాప మీద నిలబడీ నిలబడక ముందే మళ్ళీ మొదటికి వచ్చేది. కొన్నాళ్ళు పట్టుదలగా చేసింది. తర్వాత నమాజు మానేసింది. ఎందుకు మానేశావని షావలి అడగలేదు. ఆయన ఏదీ అడిగే మనిషి కాదు.

కాళ్ళు మడిచి కూర్చుంటే చర్మం మీద చర్మం ఒరుసుకుని కన్నీళ్ళు వచ్చేవి. మోకాళ్ళ మీద నిలబడి కుట్టడం అలవాటు చేసుకుంది. మోకాళ్ళు నల్లగా కాయలు కాసినాయి. పక్కింటి చెంచులక్ష్మికి ఒకసారి పైపైన చెప్పి చూసింది. చెంచులక్ష్మి గంపలో చేపలు పెట్టుకుని చుట్టుపక్కల పల్లెలు తిరిగే మనిషి. ఊళ్ళో అన్నిటికీ ఆమె దగ్గర ఒక మాట ఉంటుంది.

“అది వేడి మే,” అన్నది చెంచులక్ష్మి. “మజ్జిగ తాగు. ఈ వయసులో ఆడోళ్ళకి ఏదో ఒకటి ఉంటాది.”

మజ్జిగ తాగింది. మెంతులు నానబెట్టి తాగింది. వేపాకు కాచిన నీళ్ళతో కడుక్కుంటే మంట రెట్టింపయింది. ఆముదం రాస్తే పూటకు హాయిగా ఉండి, పొద్దున మళ్ళీ అంతే.

ఇవన్నీ ఒక ఎత్తు. షావలి పక్కన పడుకోవడం ఒక ఎత్తు.

మొదటిసారి నొప్పి పుట్టినప్పుడు పళ్ళు బిగబట్టింది. రెండోసారి, మూడోసారి కూడా. ఆ తర్వాత ఒక రోజు పొద్దున లేచి చూసుకుంటే లంగా మీద ఎర్రటి మరక కనిపించింది. ముట్లు ఆగిపోయిన మనిషికి మళ్ళీ ఎరుపు ఎందుకు కనిపించిందో తెలియక వణికిపోయింది. చెడ్డ జబ్బేమో అనుకుంది. ఆయన నెలల తరబడి ఊళ్ళు తిరుగుతాడు. ఎక్కడైనా ఏదైనా తగిలించుకుని తెచ్చాడేమో అనే అనుమానం కూడా వచ్చింది. ఆయన ఉతకడానికి వేసిన పంచెలు ఎండలో పట్టుకుని చూసేది. ఏమీ కనిపించేది కాదు. చూసినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

దూది దుమ్ముకు దగ్గు వస్తున్నదని చెప్పి చాప వంటింట్లోకి మార్చింది. షావలి ఒక్కసారి మాత్రం వంటింటి గడప దగ్గర నిలబడి, ఇక్కడ గాలి ఆడదు గదా అన్నాడు. ఆ గొంతులో ఏముందో ఆమెకు తెలుసు. పొమ్మనలేక, రమ్మనలేక నోటికి వచ్చిన మాట అనేసింది.

“ఈ వయసులో ఇంకేం కావాల నీకు? మనవడు పుట్టినాడు, సిగ్గు లేదా?”

షావలి తల వంచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప దగ్గరికి రాలేదు.

అప్పటి నుంచి ఆయన తిరుగుళ్ళు పెరిగాయి. పదిహేను రోజులకని పోయిన మనిషి నెల దాటించి వచ్చేవాడు. విల్లు భుజాన వేసుకుని ఆయన వీధి మలుపు తిరగగానే సైదాబీకి గుండెల మీంచి బరువు దిగినట్టు ఉండేది. తీరిగ్గా నీళ్ళు పోసుకునేది. ఎప్పుడంటే అప్పుడు పెరట్లోకి పోయేది. ఎవరి మొహమూ చూడక్కర్లేదు. మొగుడు ఊళ్ళో లేకపోతే ఇంత సుఖమా అని తనకే భయం వేసేది.

గూడూరులో ఉండే మరిది హనీఫా ఒక పండక్కు వచ్చినప్పుడు మాట కదిపాడు. అక్కడ ఒక విధవరాలు ఉన్నదట, పిల్లలు లేరట, నెమ్మదైన మనిషట. వదినకు ఒంట్లో బాగుండడం లేదు, అన్నకు ఇంత వండి పెట్టే మనిషి ఉంటే ఇద్దరికీ సాయమేగా అన్నాడు. సైదాబీ అన్నం వడ్డిస్తున్నది. చెయ్యి ఆగలేదు.

“చేసుకో,” అన్నది షావలితో. “నేను అడ్డం రాను.”

షావలి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. ఆ మాట అక్కడితో తెగిందో, లేక గూడూరులో ఇంకా నడుస్తున్నదో ఆమెకు తెలియలేదు. అడిగే ధైర్యం లేదు.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక నెల్లూరులోని మిషను ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. ఆడవాళ్ళ వార్డుల్లో పరుపులన్నీ ముద్దలు కట్టి చెమ్మ వాసన కొడుతున్నాయి, విప్పి ఏకి మళ్ళీ కుట్టాలి. అంత పని షావలి ఒక్కడి వల్ల కాదు. ఇద్దరూ మూటాముల్లె కట్టుకుని బస్సెక్కారు. ఆసుపత్రి వెనక వంటశాల పక్కన రేకుల కొట్టం చూపించారు. ఒక మూల షావలి ఏకేవాడు. ఇంకో మూల సైదాబీ మోకాళ్ళ మీద నిలబడి కుట్టేది.

ఆ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు జయశీల. నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, గంజి పెట్టిన తెల్ల చీరలో గబగబా నడుస్తుంది. మాట కూడా నడక లాంటిదే. వంటశాల నుంచి వార్డుకు పోతూ కొట్టం ముందు ఆగి, రెండు మూడు రోజులు ఏమీ అనకుండా చూసి పోయింది. నాలుగో రోజు అడిగింది.

“ఏమ్మా, కూర్చోకుండా కుడతావెందుకు?”

కాళ్ళు పట్టేస్తాయని సైదాబీ చెప్పింది. డాక్టరమ్మ సరేనని తల ఊపింది. ఆ మధ్యాహ్నమే రెబెక్కమ్మ అనే ముసలి ఆయాను పంపించి ఆమెను లోపలికి పిలిపించుకుంది. పరుపుల సంగతి మాట్లాడాలన్నారని రెబెక్కమ్మ షావలికి వినబడేట్టు చెప్పింది.

గదిలో పరుపుల సంగతి రాలేదు. ముట్లు ఎప్పుడు ఆగినాయి, ఎన్ని కాన్పులు, ఒంటేలుకు మంట ఉందా అని డాక్టరమ్మ ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. ఆమె కలం పట్టుకోలేదు, మొహం కూడా పక్కకు తిప్పలేదు. ధర ఎంత, గుడ్డ ఎంత అని అడిగినట్టే అడిగింది. అందుకని సైదాబీ కూడా జవాబులు చెప్పగలిగింది.

“ఆయనతో కలిసినప్పుడు నొస్తుందా?”

మూడేళ్ళుగా ఎవరూ అడగని మాట అది. సైదాబీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. డాక్టరమ్మ ఓదార్చలేదు. కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చుని, ఏడుపు అయిపోయే దాకా ఆగింది.

కాన్పుకు కూడా మంత్రసానికి తప్ప ఎవరికీ చూపించని ఒళ్ళు. బల్ల మీద పడుకుని పైకప్పు దూలాలు చూస్తూ ఉండిపోయింది. డాక్టరమ్మ మెల్లగా చూసింది. ఎరుపు కనిపించిందన్నావు కాబట్టి అదేమిటో తేల్చుకోవాలని, దూదితో లోపలి తడి కొంచెం తీసి గాజుపలక మీద పూసి, పరీక్షకు మద్రాసు పంపుతానన్నది. చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

“నాకు కనిపించినంత వరకు పుండూ లేదు, గడ్డా లేదు. పరీక్ష కూడా రానీ. నీకు జబ్బేమీ లేదంటే అబద్ధమవుతుంది. ఉంది. కానీ అది ఎవరూ అంటించింది కాదు, నువ్వు చేసిన తప్పు వల్ల వచ్చిందీ కాదు. ముట్లుడిగిన తరవాత లోపల తడిని పుట్టించేది ఒంట్లో తగ్గిపోతుంది. చర్మం ఉల్లిపొర మాదిరి అవుతుంది. నోట్లో ఉమ్మి ఆరిపోతే నాలుక పగలదూ? అదే.”

“అందరికీ వస్తాదా అమ్మా?”

“చాలామందికి వస్తుంది. చెప్పుకునేవాళ్ళు తక్కువ.”

పరీక్ష ఫలితం వచ్చేదాకా సైదాబీ అన్నం సరిగా తినలేదు. కొట్టంలో కుడుతూ వార్డు వైపు చూసేది. వచ్చిన రోజు డాక్టరమ్మ నడుస్తూనే, భయం లేదు, బాగుంది అని చెప్పి వెళ్ళిపోయింది. సైదాబీ దబ్బనం పరుపులోనే వదిలేసి రెండు చేతులతో మొహం మూసుకుంది. వేళ్ళ సందుల్లో దూది అంటుకుంది.

మందు మద్రాసు నుంచి వచ్చేది. సీసపు గొట్టంలో తెల్లటి లేపనం, దాంతో పాటు నీళ్ళు చిమ్మే పిచికారీ లాంటి సన్నని గొట్టం ఒకటి. అది ఎట్లా వాడాలో రెబెక్కమ్మ తలుపు వేసి చూపించింది. పడుకోబోయే ముందు ఆ సన్న గొట్టంలో గీత దాకా మందు నింపి, పడుకుని, లోపలికి పెట్టి నెమ్మదిగా నెట్టాలి. తర్వాత సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. మొదటి రెండు వారాలు రోజూ, ఆ తర్వాత వారానికి రెండు రోజులు. నీ ఒళ్ళు ఇన్నాళ్ళూ తానే తయారు చేసుకున్నదాన్ని కొంచెం బయటి నుంచి ఇస్తున్నాం, అంతే అని డాక్టరమ్మ చెప్పింది. వెంటనే గుణం కనిపించదు, వారాలు పడుతుంది, మళ్ళీ ఎరుపు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా రావాలి అన్నది. మీ ఆయనకు కూడా చెప్పు అన్నది. సైదాబీ తల ఊపింది కానీ చెప్పలేదు.

గుమ్మం దాటబోతుంటే రెబెక్కమ్మ చెవి దగ్గరికి వంగింది.

“నేను కూడా ఇదే వాడుతుండా.”

సైదాబీ ఆమె మొహం చూసింది. ముడతలు పడ్డ ఆ మొహంలో సిగ్గు లేదు. ఆ ఒక్క మాటతో సగం భారం తగ్గింది.

విడవలూరుకు తిరిగి వచ్చాక వంటింట్లో దీపం ఆర్పి మందు పెట్టుకునేది. మొదటి వారం ఏమీ తెలియలేదు. తర్వాత దురద తగ్గినట్టు అనిపించి, అనిపించడమేలే అనుకుంది. నెల కావస్తుండగా ఒక రోజు తెల్లవారుజామున పెరట్లో ఒంటేలుకు కూర్చుని, మంట కోసం అలవాటుగా పళ్ళు బిగించింది. మంట రాలేదు. అయిపోయింది. ఆమె లేవలేదు. ఇంకా వస్తుందేమోనని కాసేపు చూసింది. తాటిచెట్ల మీద కాకులు లేస్తున్నాయి. లేచి, నీళ్ళు పోసుకుని, వాకిట్లోకి వచ్చి, అక్కడే నిలబడిపోయింది. ఏం చేయాలో తోచలేదు. చీపురు తీసుకుని, నిన్న సాయంత్రం ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది.

ఆ రోజే వసారాలో బాసింపట్టు వేసుకుని కూర్చుని చూసింది. కూర్చోగలిగింది. ఇంకో వారానికి చాప పరిచి నమాజు చేసుకుంది. రంజాన్ నెలలో ఉపవాసం విడిచాక పడుకునే ముందు మందు పెట్టుకుంది. ఏ ఇబ్బందీ లేదు.

మందు అయిపోయింది. నయమైందిగా, ఇంకెందుకులే అని ఊరుకుంది. ఎండాకాలం నడుమకు వచ్చేసరికి దురద, మంట, నాలుగు చుక్కలు, అన్నీ ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. తన నుదుటి రాత ఇంతేననుకుని ఏడ్చింది. అయినా ఒక పొద్దున చెప్పకుండా నెల్లూరు బస్సెక్కింది. డాక్టరమ్మ కోప్పడలేదు. ఒక పూట అన్నం తిని, ఆకలి తీరింది గదా, ఇంక వండనంటే ఎట్లా అన్నది. కొత్త గొట్టం ఇచ్చి పంపింది.

ఇంటికి వచ్చేసరికి షావలి వసారాలో కూర్చుని ఉన్నాడు. తిరుగుడు నుంచి అనుకున్నదానికంటే ముందే వచ్చాడు. విల్లు ఇంకా గోనెసంచిలోంచి విప్పలేదు. పక్కింటివాళ్ళు నెల్లూరు పోయిందని చెప్పారట. ఆసుపత్రికే పోయి ఉంటుందని ఆయనే అనుకున్నాడు. సైదాబీ సంచి వెనక్కి పెట్టుకుంది. ఆయన మొహం చూస్తే బూడిద పూసినట్టు ఉంది.

“నీకు రాచపుండా?” అన్నాడు షావలి.

“ఎవరు చెప్పినారు?”

“ఎవురూ చెప్పలా. ఆసుపత్రిలో పని చేసినప్పుడు నిన్ను లోపలికి పిలిచినారు. వచ్చినాక నువ్వు అన్నం తినలా. ఇప్పుడు చెప్పకుండా పోతుండావు. దాస్తావెందుకు? చెప్పు. ఎన్నాళ్ళు అన్నారు?”

పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆ మనిషి ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం సైదాబీ వినలేదు. సంచిలోంచి మందు తీసి ఆయన పక్కన పెట్టింది. స్తంభానికి ఆనుకుని కూర్చుని, వీధి వైపు చూస్తూ అంతా చెప్పింది. మంట, మరక, వంటింట్లో చాప, ఆయన పంచెలు వెతకడం కూడా. షావలి అడ్డం రాకుండా విన్నాడు. సీసపు గొట్టాన్ని చేతిలో తిప్పుతూ, చదవడం రాని ఆ అక్షరాల వైపు చూస్తూ ఉన్నాడు.

“నేను ముట్టుకుంటే నీకు రోత అనుకున్నా,” అన్నాడు చివరికి.

“నొప్పి.”

“నొప్పి అని ఒక్క మాట అంటే నేను రానుగదా.”

“నీతో ఎట్ట చెప్పేది?”

గూడూరులో ఆ విధవరాలి సంగతి ఏమైందని ఆమె అప్పుడు అడిగింది. ఆ మాట అక్కడే చంపేశానని, హనీఫాతో ఏడాదిగా మాటలు లేవని షావలి చెప్పాడు. ఆయన కళ్ళు తుడుచుకోబోగా, చేతికి ఉన్న దూది కంట్లో పడి ఇంకా నీళ్ళు కారితే, సైదాబీ లేచి కొంగు కొసతో ఆ పీచు తీసింది.

ఆ తర్వాత చాలా రోజులకు, ఒక సాయంత్రం ఆమె వంటింట్లోంచి చాప చుట్టుకుని వచ్చి లోపలి గదిలో పరిచింది. షావలి గోడ వైపు జరిగి చోటిచ్చాడు. డాక్టరమ్మ చెప్పినట్టు నెమ్మది మీద, తొందర లేకుండా, వాళ్ళ కాపురం మళ్ళీ మొదలైంది. మందు అయిపోవచ్చినప్పుడు షావలే నెల్లూరు పోయి తెచ్చేవాడు. మందులిచ్చే కిటికీ దగ్గర మందు పేరు చెప్పడం రాక, మా ఇంటామె మందు అని చెప్పి తల పక్కకు తిప్పుకునేవాడని రెబెక్కమ్మ ఒకసారి చెప్పి నవ్వింది.

పంతులుగారి పరుపు కుట్టడం పూర్తయ్యేసరికి ఎండ వసారా అంచు దాటింది. సైదాబీ దారం చుట్టి పక్కన పెట్టి, రెండు చేతులతో పరుపు మీద తట్టి చూసింది. ఎక్కడా ముద్ద లేదు. ఇద్దరూ అన్నం తిన్నారు. చింతకాయ పచ్చడి, ఎండు మెత్తళ్ళ పులుసు. షావలి లోపల మూట సర్దుకుంటుంటే చెంచులక్ష్మి ఖాళీ గంపతో వచ్చి వసారా ముందు ఆగింది. గంప దించింది. ఎప్పుడూ గంప దించగానే చతికిలబడి కబుర్లు మొదలుపెట్టే మనిషి స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతున్నది.

సైదాబీ ఆమె కాళ్ళ వైపు చూసింది. ఆ నిలబడడం తనకు బాగా తెలుసు.

“కూర్చో లక్ష్మీ.”

“వద్దులే. పోవాల.”

“మంటా?”

చెంచులక్ష్మి ఉలిక్కిపడి లోపలి గది వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, చాన్నాళ్ళ నుంచి ఉందని, నడిస్తే తొడల మధ్య నిప్పు పెట్టినట్టు ఉంటున్నదని చెప్పింది. వేడి చేసిందని ఊరుకున్నానన్నది.

“వేడి కాదు మే. నువ్వు చెప్పిన మజ్జిగ మూడేండ్లు తాగి చూసినా.”

చెంచులక్ష్మికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మందు ఉందని, తాను వాడుతున్నానని, సిగ్గుపడే పని లేదని సైదాబీ చెప్పింది. ఎక్కడ పెట్టుకోవాలో చెబితే చెంచులక్ష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా మందు నీకు ఇవ్వకూడదు, ముందు డాక్టరమ్మ చూడాలి, నాక్కూడా చూసిన తరవాతే ఇచ్చింది అని సైదాబీ గట్టిగా చెప్పింది. మంగళవారం పొద్దున బస్సుకు ఇద్దరూ పోవాలనుకున్నారు. తన మొగుడు ముత్యాలయ్యకు ఏం చెప్పాలని చెంచులక్ష్మి అడిగింది.

“నిజమే చెప్పు. చెప్పకపోతే వాళ్ళు ఇంకేందో అనుకుంటారు,” అన్నది సైదాబీ.

పొద్దు వాలుతుండగా షావలి బయటికి వచ్చాడు. గోనెసంచిలో చుట్టిన విల్లు భుజం మీద, బట్టల మూట చంకలో. తమ్ముడితో మాటలు కలిశాయి కాబట్టి ఈసారి గూడూరులో హనీఫా ఇంట్లోనే దిగుతానని, మనవడిని చూసి వస్తానని అన్నాడు. సైదాబీ మనవడికి వేయించిన పల్లీలు పొట్లం కట్టి ఇచ్చింది. ఎప్పుడూ గడప దగ్గరే ఆగిపోయే మనిషి ఈసారి బస్సు ఆగే చోటి దాకా నడిచింది. ఉప్పు గాలి ఎదురుగా కొడుతున్నది.

“మందు ఎన్నాళ్ళకు వస్తాది?” అని అడిగాడు షావలి, బస్సు దుమ్ము దూరంగా కనిపించాక.

“పున్నమి దాకా వస్తాది.”

“అయితే దానికి ముందే వచ్చేస్తా. వచ్చేటప్పుడు నెల్లూరులో దిగి తెస్తా.”

“నేను మంగళవారం పోతుండాగదా, తెచ్చుకుంటాలే.”

“సరే. అయినా ముందే వస్తా.”

బస్సు వచ్చింది. విల్లును పైకెక్కించి, షావలి వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. చెయ్యి ఊపలేదు. ఆయనకు ఆ అలవాటు లేదు. బస్సు పొలాల మధ్యకు పోయి, తాటితోపు చాటయ్యే దాకా సైదాబీ అక్కడే ఉంది.

ఇంటికి వచ్చి వసారాలో కూర్చుంది. పెళ్ళివారి మనుషులు వచ్చి పరుపు తీసుకుపోయారు. ఇల్లు ఖాళీ అయింది. విల్లు మోత లేదు. ఆయన పోయాక ఒకప్పుడు గుండెల మీద నుంచి దిగే ఆ బరువు కోసం ఆమె అలవాటుగా వెతుక్కుంది. ఏమీ దిగలేదు. దిగడానికి ఏమీ లేదు. బదులుగా కడుపులో ఏదో కొంచెం వెలితిగా, పూట అన్నం ఆలస్యమైనట్టు ఉంది. పున్నమి ఎప్పుడో మనసులోనే లెక్క చూసుకుంది. ఈ వయసులో మొగుడి కోసం ఎదురుచూడడమేమిటని నవ్వు వచ్చింది. ఎవరూ లేరు కాబట్టి ఆ నవ్వును ఆపుకోలేదు.

ఉజూ చేసుకుని, చాప పరుచుకుని, సాయంత్రం నమాజు ఏ అడ్డూ లేకుండా పూర్తి చేసింది. దీపం వెలిగించి వసారాలో కొక్కేనికి తగిలించబోతూ చూరు వైపు తల ఎత్తింది. తెల్లవారితే ఇంట్లో ఉండనని తెలిసి కూడా షావలి ఎప్పటిలాగే మర్నాడు పళ్ళు తోముకోవడానికి ఇద్దరికీ కోసి పెట్టిపోయాడు. తాటాకుల సందులో రెండు వేపపుల్లలు, ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, కోసిన చోట ఇంకా పచ్చిగా, పక్కపక్కన దోపి ఉన్నాయి.